గోడ మీద టీచరమ్మ జాగా

పటాన్‌చెరు చుట్టూ ఫ్యాక్టరీలు అప్పుడప్పుడే లేస్తున్న రోజుల్లో, ఇస్నాపూర్‌లో మా బడికి కోస్తా నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. కిరాయి గదిలో ఒక్కతే ఉండేది. మాలో చాలామందికి పలకలు లేవని చూసి, బొగ్గూ దొండాకూ మాచేతే నూరించి, తరగతి గోడలకు మా ఎత్తు వరకు నల్లగా పూయించింది. ఒక్కొక్కరికి ఒక్కో జాగా. తప్పులు దిద్దేది కాదు. నేల మీద చతికిలబడి మేం రాసింది చదివి, "తర్వాత?" అనేది.

"మా బర్రె ఈనింది. గంతే, టీచరమ్మా," అన్నాను ఒకసారి.

"అంతే అని ఏదీ ఉండదురా. తర్వాత?"

దూడ లేచి నిలబడేదాకా నాచేత రాయించింది.

తలుపు పక్కన తనకోసం ఉంచుకున్న జాగా మాత్రం ఎప్పుడూ ఖాళీయే.

"మీరు గూడ రాయుండ్రి, టీచరమ్మా," అని ఒకనాడు వెంటపడ్డాం. చాలాసేపు గోడ ముందు నిలబడి, చివరికి రాసింది: "నిన్న బడి వదిలాక నాతో ఎవరూ మాట్లాడలేదు."

ఆమె నేర్పిన మాటే అందరం ఒక్కసారిగా అరిచాం: "తర్వాత?"

ఆమె మావైపు తిరగలేదు. సుద్ద అంటిన వేళ్లు కొంగుకు తుడుచుకుంటూ, "అంతే," అంది.