ఆద్య అరచేతి వాసన

ఎవరైనా దయ్యాల కబుర్లు మొదలుపెడితే లేచి పక్కకు వెళ్ళిపోయే రకం నేను. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మేముండేది విదేశంలో, మిల్టన్ అనే ఊళ్ళో. మా వీధి చివర ఇయన్ అనే పెద్దాయన ఉంటారు. వాళ్ళ పూర్వీకులు స్కాట్లాండ్ వాళ్ళు. ఊరి బయట తన పొలంలో ఆయన నిలువురాళ్ళు గుండ్రంగా పాతించారు. అన్నీ ఇక్కడి క్వారీ రాళ్ళే. ఒక్కటి మాత్రం వాళ్ళ తాత స్కాట్లాండ్‌లోని పాడుబడ్డ రాతి వలయం నుంచి ఓడలో తెచ్చుకున్నది.

అలాంటి వలయాలు నిలబెట్టింది అక్కడి పాతకాలపు తెగలవాళ్ళైన కెల్టులు కాదని, వాళ్ళకంటే చాలా ముందువాళ్ళని, కెల్టులు తర్వాత వచ్చి వాడుకున్నారని ఆయనే చెప్పారు. చలికాలం మొదలయ్యేటప్పుడు ఆ రాయి దగ్గర పశువులను కోసేవారని వాళ్ళింట్లో అనుకునేవారట.

అక్టోబర్ చివర ఒక ఆదివారం మధ్యాహ్నం చూడటానికి వెళ్ళాం. మా ఏడేళ్ళ ఆద్య ఆ పాత రాయిని అరచేత్తో తాకింది. రాయి పొడిగా ఉంది.

కారెక్కాక వాసన మొదలైంది. కుళ్ళిన మాంసం, మురిగిన కొవ్వు కలిసిన వాసన. పాప కుడి అరచేతి నుంచి వస్తోంది. చూస్తే శుభ్రంగానే ఉంది, ముట్టుకుంటే జిడ్డు.

సబ్బు, నిమ్మకాయ, శెనగపిండి, వెనిగర్ అన్నీ అయ్యాయి. కడిగిన పది నిమిషాలకు మళ్ళీ జిడ్డు. ముద్ద నోటిదాకా తెచ్చుకుని పాప కక్కేది. పక్క పిల్లలు సీట్లు మారుతున్నారని స్కూల్ నుంచి ఫోన్ వచ్చింది. డాక్టర్ మొహం పక్కకు తిప్పుకునే టెస్టులు రాశారు. రిపోర్టుల్లో ఏమీ లేదు.

సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు నా కూతురంటే అసహ్యం వేసింది. రోడ్డు దాటేటప్పుడు స్వెటర్ కొస పట్టుకునేవాణ్ణి. ఒకరోజు అది ఆగి, "డాడీ, వై డోంట్ యూ హోల్డ్ మై హ్యాండ్?" అని అడిగింది. చలిగా ఉందన్నాను.

ఆ మాట విన్న నా భార్య స్వప్న నెమ్మదిగా అంది: "మనకే ఇట్లుంటే, ఆ చెయ్యి దానిది. అదెట్ల భరిస్తుందో ఆలోచించినవా?"

మరునాడు స్కూల్ దాకా పాప చెయ్యి వదలకుండా నడిచాను. తిరిగొస్తూ రోడ్డు పక్కన కక్కుకున్నాను.

ఇంకో మూడు రోజులకు, ఒక ఉదయం నిద్ర లేచేసరికి వాసన లేదు. స్వప్న ఆ అరచేతిని ముక్కుకు ఆనించుకుని ఏడ్చింది.

ఆ సాయంత్రమే ఇయన్ ఫోన్ చేశారు. గొంతు బాగా నీరసంగా ఉంది. "పాప చేతికి ఏం పెట్టి కడిగారు? నాకు ఏం చేసినా పోవట్లేదు" అన్నారు.

ఆద్య చేతి సంగతి మేము ఆయనకు చెప్పనే లేదు. ఆయనకెలా తెలిసిందో నేను అడగలేకపోయాను. ఇప్పటికీ నాకు తెలియదు.