తాగకుండా వచ్చిన మనిషి

మేము సింగపూర్ వెళ్ళిన రోజుల్లో ఇద్దరు తెలుగువాళ్ళు రైల్లో ఎదురుపడితే ఊరి పేరు కన్నా ముందు "జావానా, మెయిన్‌ఫ్రేమా?" అని అడిగేవారు. మా ఆయనది జావా ప్రోగ్రామింగ్. వుడ్‌ల్యాండ్స్‌లో మేమున్న బ్లాకులోనే మరో నాలుగైదు కుటుంబాలు అలా వచ్చినవే. నేను విశాఖలో సైకాలజీ ఎం.ఏ. చేశానని చెబితే, ఫరవాలేదు, ఆర్నెల్లు కోర్సు చేస్తే టెస్టింగ్‌లో ఉద్యోగం వస్తుందని ధైర్యం చెప్పారు. చేరాను కూడా. తెర మీద అక్షరాలు చూస్తూ ఎక్కడెక్కడో ఆలోచించేదాన్ని. చివరికి మానేశాను.

ఆ తర్వాత ఒక యూనివర్సిటీలో తెలుగు మాట్లాడగల సహాయకురాలు కావాలన్న ప్రకటన కనబడింది. వలస వచ్చిన పనివాళ్ళ తాగుడు అలవాట్ల మీద అక్కడ పరిశోధన జరుగుతోంది. దాన్ని నడిపే ప్రొఫెసర్ చైనీస్ ఆవిడ. యాభై దాటి ఉంటాయి, నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుని ఉండేది. నా చదువు గురించి పెద్దగా అడగలేదు. ఒక మనిషిని నువ్వు రోజూ ఎంత తాగుతావని అడిగి, అతను ఏం చెప్పినా నీ మొహం మారకుండా ఉండగలదా అని అడిగింది. తెలియదన్నాను. అయితే ఇప్పుడే నన్ను అడిగి చూడమంది. అడిగాను. ఆవిడ నోటికొచ్చిన సంఖ్య చెప్పింది. నా కనుబొమలు పైకి లేచాయట. నవ్వి, నేర్చుకోవచ్చులే అని ఉద్యోగం ఇచ్చింది.

శనివారం సాయంత్రాలు ఎవరో ఒకరి ఇంట్లో కలిసే మా వాళ్ళకి నా ఉద్యోగం పెద్ద వినోదమైంది. నేను గదిలోకి రాగానే ఒకాయన తన గ్లాసును కర్టెన్ వెనక దాచినట్టు నటించేవాడు. మా లెక్క కూడా రాసుకోండి మేడం అని మరొకాయన. వాళ్ళ లెక్క మాకు అక్కర్లేదు. ప్రాజెక్టు షిప్‌యార్డుల్లో, కట్టడాల్లో పనిచేసేవాళ్ళ గురించి. ఆ ఇంట్లో ఖాళీ అయిన సీసాలు చూస్తూ, ఇదేమిటిలా గీత గీశారు అనుకున్న సందర్భాలున్నాయి. ఒకసారి ప్రొఫెసర్‌నే అడిగాను. నీ స్నేహితులు జబ్బు పడితే ఆస్పత్రికి వెళ్తారు, వీళ్ళు వెళ్ళరు, అందుకని మొదలు ఇక్కడ అంది.

నాతోపాటు తెలుగు ఇంటర్వ్యూలు చేసే ఇంకో మనిషి ఉండేవాడు. అందరం అంకుల్ అనేవాళ్ళం. ఆయన తాతలు ఎప్పుడో తెల్లవాళ్ళ కాలంలో శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి స్థిరపడ్డారు. మానసిక రోగుల ఆస్పత్రిలో నర్సుగా పనిచేసి రిటైరయ్యాడు. వాళ్ళ నాయనమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగులో అరవం, మలాయ్ మాటలు కలిసిపోయి ఉండేవి, మాట చివర సింగపూర్ వాళ్ళలా ఒక "లా" తగిలించేవాడు. మొదటి ఆదివారం లిటిల్ ఇండియాలో, పచ్చిక మీద గుంపులు గుంపులుగా కూర్చున్న మనుషుల మధ్యకి వెళ్తూ నాకు ఒకటే పాఠం చెప్పాడు.

"అమ్మాయ్, ముందు మకాన్ అయ్యిందా అని అడగాల. తిన్నాడో లేదో కనుక్కోకుండా మందు మాట ఎత్తకూడదు లా."

అలాగే అడిగేవాళ్ళం. తిన్నారా అంటే తిన్నామని, మీరు తిన్నారా అని వాళ్ళు అడిగేవాళ్ళు. అక్కడి నుంచి ఊరు, పని, ఇల్లు. కొన్నాళ్ళకి నా కనుబొమలు లేవడం మానేశాయి. కాగితం మీది ప్రశ్నలు కూడా మెల్లగా మాట తీరులోకి వచ్చాయి. మొదట నేను చేసిన అనువాదం పోలీసు విచారణలా ఉండేది. తాగిన తర్వాత పశ్చాత్తాపం కలిగిందా అని రాశాను. ఆ మాట విని ఒకతను లేచి నిలబడ్డాడు. తాగినాక మనసుకు కష్టమైందా అని అంకుల్ మార్చాడు.

ఆదివారాలు మాట్లాడినవాళ్ళలో కొందరిని పెద్ద ఇంటర్వ్యూ కోసం యూనివర్సిటీకి రమ్మనేవాళ్ళం. అలా రావడానికి ఒప్పుకున్నవాళ్ళలో ఒకతను కరీంనగర్ వైపు పల్లెవాడు. ముప్పై రెండో, మూడో ఉంటాయి. షిప్‌యార్డులో ఓడలకి పట్టిన తుప్పు గీకి రంగు వేసే పని. పచ్చిక మీద మొదటిసారి మాట్లాడినప్పుడు, రోజూ పని దిగగానే తాగుతానని, లేకపోతే నిద్ర పట్టదని దాపరికం లేకుండా చెప్పాడు. యూనివర్సిటీ అనగానే మాత్రం కాస్త సర్దుకుని కూర్చున్నాడు. లోపలికి నిజంగానే రానిస్తారా అని అడిగాడు.

చెప్పిన ఆదివారం మధ్యాహ్నం సమయానికి ముందే వచ్చాడు. ఇస్త్రీ చేసిన ఫుల్ చేతుల చొక్కా, నూనె రాసి పక్కపాపిడి తీసిన జుట్టు. బూట్లు కారిడార్‌లో విప్పి, మేజోళ్ళతో గదిలోకి అడుగుపెట్టాడు. వేసుకోమన్నా వినలేదు. గదిలో నేను, పక్క గదిలో అంకుల్. సెలవు రోజు కాబట్టి అంతస్తులో ఇంకెవరూ లేరు. ఏసీ చల్లగా ఉంది. అయినా అతని నుదుటి మీద చెమట. నీళ్ళ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా నీళ్ళు బల్ల మీద ఒలికాయి.

మొదటి ప్రశ్నలు బాగానే సాగాయి. మాట్లాడుతూ మాట్లాడుతూ అతను చొక్కా చేతిని దులుపుకోవడం మొదలుపెట్టాడు. తర్వాత బల్ల మీద ఏదో వేలితో పక్కకి నెట్టాడు.

"ఇక్కడ చీమలున్నయి మేడం," అన్నాడు.

బల్ల మీద ఏమీ లేదు.

ఆ సంగతి నేను పుస్తకాల్లో చదివాను. శిక్షణలో ప్రొఫెసర్ కూడా చెప్పింది. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే ఒళ్ళు వణుకుతుంది, లేనివి కనబడతాయి, ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. కానీ చదవడం వేరు, లేని చీమలను అంత జాగ్రత్తగా తోస్తున్న వేలిని చూడడం వేరు. తాగడం ఎప్పుడు ఆపారని అడిగాను.

"గురువారం కాడినుంచి ముట్టలే," అన్నాడు. "చదువుకునే జాగ గదా మేడం. తాగినోడిలెక్క వస్తే ఏం మర్యాద ఉంటది?"

నేను లేచి అంకుల్‌ని పిలిచాను. ఆయన గుమ్మంలో నిలబడి ఒక్కసారి చూసి, లోపలికి వచ్చి అతని పక్కన కూర్చుని నాడి పట్టుకున్నాడు. నేను ప్రొఫెసర్ ఇంటికి ఫోన్ చేశాను. వైద్యం మా పని కాదు, అలాంటిదేమైనా జరిగితే ఆవిడకి చెప్పాలన్నది నియమం. ఆవిడ రెండు మాటలే అంది. అతన్ని ఒంటరిగా వదలకండి. టాక్సీలో ఆస్పత్రికి తీసుకెళ్ళండి, నేను అక్కడికే వస్తాను.

ఫోన్‌లో నేను ఇంగ్లీషులో హాస్పిటల్ అనడం అతనికి అర్థమైంది. కుర్చీలోంచి లేచాడు. దవాఖానకు పోతే కంపెనీకి ఎరుకైతది, పర్మిట్ కట్ చేసి విమానం ఎక్కిస్తరు అన్నాడు. కిందికి పోయి ఒక్క గ్లాసు తాగితే అంతా సర్దుకుంటుందట. వెనక ఒకసారి అలాగే సర్దుకుందట. బతిమాలడం లేదు, మామూలుగా చెప్తున్నాడు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. అంకుల్ తన ఆస్పత్రిలో చూసినవి చెప్పాడు. అప్పటిదాకా బాగా మాట్లాడుతున్న మనిషి ఉన్నట్టుండి కట్టెలా బిగుసుకుపోవడం, నాలుక కొరుక్కోవడం. అతను వింటూనే తలుపు వైపు నడిచాడు.

కంపెనీకి తెలియనివ్వంలే, రండి అనేస్తే వచ్చేవాడేమో. ఆ మాట నా నోటి దాకా వచ్చింది. కానీ ఆస్పత్రిలో చేరితే కంపెనీకి తెలుస్తుంది. మమ్మల్ని నమ్మి నోరు విప్పినవాళ్ళకి అబద్ధం చెప్పకూడదన్నది మా దగ్గర మొదటి రోజు నేర్పే సంగతి. నేను కారిడార్‌లోకి వెళ్ళి అతని ఎదురుగా నిలబడ్డాను.

"తెలియకుండా చూస్తామని మాట ఇవ్వలేను, అన్నా," అన్నాను. "తెలుస్తుంది. కానీ ఇట్లా ఒక్కరే వెళ్తే రైలు ప్లాట్‌ఫారం మీదో, రోడ్డు మీదో పడిపోతారు. నాకు చాలా భయంగా ఉంది."

అతను చాలాసేపు నా వైపు చూశాడు. భయం నాకని, అదీ తన కోసమని అర్థమవడానికి అంతసేపు పట్టిందేమో.

"మీరు వస్తరా అక్కా?" అన్నాడు.

వస్తానన్నాను. బూట్లు తొడుక్కోవడానికి వంగితే చేతులు వణికి లేసులు పట్టు దొరకలేదు. అంకుల్ మోకాళ్ళ మీద కూర్చుని ముడి వేశాడు. టాక్సీలో మా ఇద్దరి మధ్యలో కూర్చున్నాడు. దారి పొడుగునా, మధ్య మధ్య, నా చీర మీది చీమలను దులుపుతూ వచ్చాడు. నేను వద్దనలేదు.

ఫిట్ ఆస్పత్రి గుమ్మం దాటిన తర్వాత వచ్చింది. పేరు చెబుతూ చెబుతూ పడిపోయాడు. అంకుల్ తల పట్టుకున్నాడు, నర్సులు పరుగెత్తుకొచ్చారు. నేను గోడకి ఆనుకుని ఉండిపోయాను. కొంతసేపటికి ఇంట్లో వేసుకునే చెప్పులతోనే ప్రొఫెసర్ వచ్చింది. డాక్టర్‌తో మాట్లాడి వచ్చి మా పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. ఈ ఫిట్ పనిలో, ఓడకి కట్టిన ఎత్తు పలకల మీద ఉండగా వచ్చుంటే మనిషి దక్కేవాడు కాదని డాక్టర్ అన్నాడట. మనం వాళ్ళని ఎంత తాగుతారని అడిగాం, మన కోసం ఆపొద్దని మాత్రం చెప్పలేదు అంది ఆవిడ. ఎవరి తప్పని వెతకడానికి అన్నట్టు లేదు, తనకి తాను చెప్పుకున్నట్టుంది.

పరిశోధన కొన్ని వారాలు ఆగింది. ఏం జరిగిందో యూనివర్సిటీ కమిటీకి ప్రొఫెసర్ స్వయంగా చెప్పింది. మీరు రోజూ తాగేవారైతే ఈ ఇంటర్వ్యూ కోసం తాగడం ఆపకండి అని ముందే చెప్పాలన్నది ఆవిడ ప్రతిపాదన. యూనివర్సిటీయే తాగమని చెప్పినట్టు లేదా అని ఒక సభ్యుడు అభ్యంతరం చెప్పాడట. ఆపదలచుకుంటే ముందు డాక్టర్‌ని కలవండి అన్న మాట కలిపాక ఒప్పుకున్నారు. ఆ వాక్యాన్ని తెలుగులో పెట్టింది నేనే. పెద్ద ఇంటర్వ్యూలు కూడా యూనివర్సిటీలో మానేసి, సెరంగూన్ రోడ్డులో ఒక భోజన హోటలు పైన గది తీసుకున్నాం. కింద నుంచి సాంబారు వాసన వచ్చే ఆ గదిలోకి ఎవరూ బూట్లు విప్పి రాలేదు.

వార్డులో చూడడానికి వెళ్ళినప్పుడు అతను మంచం మీద కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. చేతుల్లో వణుకు తగ్గింది. ప్రొఫెసర్ షిప్‌యార్డు కాంట్రాక్టరుని కలిసి మాట్లాడిందని, ఎత్తు మీద పని కాకుండా స్టోర్‌లో ఉంచడానికి ఒప్పుకున్నారని, పర్మిట్ గడువు తీరాక మాత్రం మళ్ళీ ఇచ్చేది లేదన్నారని చెప్పాను. అంతా విని తలూపాడు.

"మీ మీద కోపముంది అక్కా," అన్నాడు. "మంచిదే చేసిన్రు. నాకెరుకే. గని కోపం పోతలేదు."

ఉండనివ్వండి అన్నాను. ప్రాణం దక్కినందుకు అతను సంతోషించాలని నేను అనుకోవచ్చు. ఇంకో రెండేళ్ళు ఉంటాననుకుని వేసుకున్న ఆలోచనలన్నీ మానుకోవాల్సింది అతను కదా. అతను తెచ్చిపెట్టుకుని కృతజ్ఞత చెప్పి ఉంటే నాకు మరింత బాధగా ఉండేది.

వెళ్ళిపోయే ముందు ఒక ఆదివారం హోటలు పై గదికి వచ్చాడు. ఇంటర్వ్యూ సగంలో ఆగింది గదా, పూర్తి చేస్తనన్నాడు. అతని ఆరోగ్యం కోసం వద్దని అంకుల్ అన్నాడు. చెప్పేది చెప్పుకుని పోతే మనసు తేలికైతదని అతను కుర్చీ లాక్కున్నాడు. తాగుడు ఎప్పుడు, ఎందుకు మొదలైందో ఆ రోజు చెప్పాడు. ఊళ్ళో ఉండగా చుక్క ముట్టలేదట. ఇక్కడికి వచ్చాకే. ఏం జరిగి మొదలైందో వివరంగా చెబుతూ ఒకచోట ఆగి నీళ్ళు అడిగాడు. మళ్ళీ మొదలుపెట్టి చివరిదాకా చెప్పాడు.

కొన్ని నెలల తర్వాత డిపార్ట్‌మెంట్ నంబరుకి ఊరి నుంచి ఫోన్ చేశాడు. పక్క ఊళ్ళో ఇళ్ళకి రంగులు వేస్తున్నాడట. తాగుతున్నారా అని అడిగాను. పెళ్ళిళ్ళప్పుడు కొంచెం, రోజూ కాదు అన్నాడు. నిజమే చెప్పాడనిపించింది. మా ఆమె మాట్లాడుతదట అని ఫోన్ ఇచ్చాడు.

దవాఖానకు తోలుకపోయింది మీరేనా అని ఆమె అడిగింది. అవునన్నాను. పిల్లల సంగతి అడిగితే బడికి పోతున్నారంది. ఆయన దూరంగా వెళ్ళినట్టున్నాడు, ఆమె గొంతు తగ్గించింది.

"ఈడున్నప్పుడు ముట్టకపోయేది అక్కా. ఆడికి పోయినంక ఎందుకు షురూ చేసిండో మీకు చెప్పిండా?"

చెప్పాడు. కానీ ఆ గదిలో విన్నది గది దాటి రాకూడదు. భార్య అడిగినా అంతే. చెప్పలేదని అంటే అబద్ధం.

"చెప్పారమ్మా," అన్నాను. "కానీ అది నేను చెప్పకూడదు. ఆయన్నే అడుగు."

"అడిగిన. అక్కకు చెప్పిన, మల్ల చెప్పబుద్ధి కాదు అంటడు."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఇప్పుడు చెప్పకపోయినా ఎప్పుడో ఒకప్పుడు చెప్తాడు, అప్పుడు తొందరపడకుండా వినమని అన్నాను. సరే అంది. అతను నాకు చెప్పింది ఇక్కడ కూడా రాయడం లేదు. ఆ తర్వాత ఆమెకు చెప్పాడో లేదో నాకు తెలియలేదు.