ఎసెన్‌గుల్ పెట్టెలో డ్రమ్మర్

కరాకోల్ ఊళ్ళో గిటార్ వాయించే ఎసెన్‌గుల్‌కి యాభై ఎనిమిదో ఏట నడుము పట్టేసింది. పట్టెయ్యక చస్తుందా? ముప్పై ఏళ్ళుగా అతను వేడుకలకు మోసుకెళ్ళిన యాంప్లిఫైయర్ సోవియట్ కాలం సరుకు. ట్రాక్టర్లు చేసినవాళ్ళే దాన్నీ చేశారేమో, ఇద్దరు పట్టుకుంటే గానీ నేల మీంచి లేచేది కాదు. ఒక కొస ఎసెన్‌గుల్ పట్టుకునేవాడు, రెండో కొస డ్రమ్ములు వాయించే జపార్. వారమంతా ఎసెన్‌గుల్ ఊరికీ చుట్టుపక్కల పల్లెలకీ మధ్య వ్యాన్ తోలేవాడు, జపార్ గేట్లకు వెల్డింగ్ చేసేవాడు. శనివారం వచ్చిందంటే ఇద్దరూ చొక్కాలు మార్చుకుని ఏ పెళ్ళిలోనో పుట్టినరోజులోనో వాయించేవాళ్ళు. ఇద్దరిదీ ఒకే ఈడు, ఒకే బడి. ఒకణ్ణొకడు ఎంత మాటైనా అనుకునే చనువుంది.

నడుము పట్టేశాక ఎసెన్‌గుల్ రాజధాని బిష్కెక్ వెళ్ళి, గిటార్ మానేసి పెళ్ళి చేసుకుంటున్న ఒక కుర్రాడి దగ్గర డిజిటల్ పెట్టె ఒకటి కొనుక్కొచ్చాడు. రొట్టెల పళ్ళెమంత ఉంటుంది. కాలితో తొక్కడానికి నాలుగు బటన్లు, చిన్న తెర. అందులో ప్రపంచంలోని యాంప్లిఫైయర్లు రెండు వందలు కూరి పెట్టారట. ఎసెన్‌గుల్ ఈ జన్మలో కళ్ళారా చూసినవి మూడు. అందులో ఒకటి కాలిపోయినది.

ఆ శీతాకాలమంతా అతను చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని పొయ్యి పక్కన కూర్చున్నాడు. ఒక్క పాటైనా పూర్తిగా వాయించింది లేదు. ఒక తీగ మీటడం, ఒక మీట తిప్పడం, తల అడ్డంగా ఊపడం. అతని చెవుల్లో ఉరుములు, మెరుపులు. ఇంట్లోవాళ్ళకు వినిపించేది మాత్రం తీగల టిక్కుటిక్కు.

"కోడి నేల మీద గింజలేరుకుంటున్నట్టుంది," అంది పెళ్ళాం బురుల్చా. "రెండు వందలూ ఇవేనా?"

"నీకు వినిపించదు లేవే. లోపల ఉంటుంది."

"నీ తెలివి కూడా అలాగే లోపలే ఉండిపోయింది."

మార్చి నెల దాకా వెతికితే చివరికి నూట ముప్పై ఏడో నంబరు నచ్చింది. ఎందుకు నచ్చిందయ్యా అంటే, కాస్త గరగర కలిపి, కాస్త హోరు కలిపితే అచ్చం పాత యాంప్లిఫైయర్‌లా ఉంది. కొత్త పెట్టె కొని, దాని చేత పాతదానిలా గురక పెట్టించడానికి అతనికి మూడు నెలలు పట్టింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మిగతా గొప్పలన్నీ చెప్పాడు. వ్యాన్ ఎక్కినవాళ్ళకు దిగేదాకా తప్పించుకునే దారి లేదు కదా.

ఏప్రిల్‌లో సిర్గాక్ వచ్చాడు. అతను ఊళ్ళో 'తమదా', అంటే వేడుకల పెత్తందారు. వేడుకలు నడిపించేదీ, మైకు పట్టుకుని జోకులేసేదీ, పాడేదీ, ఎవర్ని పిలవాలో ఎవర్ని పిలవకూడదో తేల్చేదీ అతనే. వచ్చే శనివారం పిల్లాడి తొలి నడక పండగ ఒకటి ఒప్పుకున్నాడు. టీ గిన్నె చేతికిచ్చి ఎసెన్‌గుల్ పెట్టె విప్పాడు.

"ఇది చూడు తమ్ముడూ. ఈ బటన్ తొక్కితే గిటార్ నోరు మూసుకుంటుంది, తెర మీద శ్రుతి కనిపిస్తుంది."

"బాగుందన్నా. ఇంకా?"

"ఇదేమో నేను వాయించింది పట్టుకుని మళ్ళీ మళ్ళీ అదే వాయిస్తుంది."

"మా అత్తగారిలాగ. ఇంకా?"

ఇక్కడ ఊరుకుంటే పోయేది. ఎసెన్‌గుల్ ఊరుకునే రకం కాదు. "డ్రమ్ములు కూడా ఉన్నాయి," అని నొక్కి వినిపించాడు.

సిర్గాక్ టీ గిన్నె కింద పెట్టాడు. "అయితే ఇక జపార్ అన్న ఎందుకు?"

ఎసెన్‌గుల్ నోరు తెరిచాడు. పెట్టెలో డ్రమ్ములు ఎందుకూ కొరగావని చెప్పాలి. చెబితే మూడు నెలల గొప్పలు ఏమవ్వాలి?

"ఎందుకంటే... అలవాటు," అన్నాడు.

"అలవాటుకు చాలా చోటు కావాలన్నా. ఆ మూలలో నేను బెలూన్లు పెట్టించుకుంటా," అని సిర్గాక్ లేచాడు. ఎసెన్‌గుల్ అతన్ని గుమ్మం దాకా సాగనంపి వచ్చాడు తప్ప ఇంకో మాట అనలేదు. పెట్టె పరువు కోసం ముప్పై ఏళ్ళుగా తోడు వాయించిన స్నేహితుణ్ణి అలా వదిలేశాడు. ఆ రాత్రి బురుల్చా అన్నం పెడితే సగమే తిన్నాడు.

మర్నాడు వెల్డింగ్ కొట్టు ముందు వ్యాన్ ఆపి, ఇంజన్ కూడా ఆపకుండా కిటికీలోంచే చెప్పాడు. "ఈ శనివారం పనేం లేదురా."

"మంచిదే," అన్నాడు జపార్ నిప్పురవ్వల మధ్య నుంచి. "నాకూ ఎక్కడికో రమ్మని పిలుపుంది."

జపార్ డ్రమ్ములు ఎప్పుడూ ఎసెన్‌గుల్ వ్యాన్‌లో చివరి సీటు వెనకే ఉంటాయి. దించి ఇచ్చేస్తే ఎందుకని అడుగుతాడు. అందుకని దించలేదు.

కరాకోల్‌లో ఎవరికి ఎవరు ఏమవుతారో కనుక్కోకుండా అబద్ధమాడేవాణ్ణి వెర్రివాడంటారు. శనివారం మధ్యాహ్నం హాల్లో ముందు బల్ల దగ్గర, పెద్ద మాంసం పళ్ళెం ఎదురుగా జపార్ కూర్చుని ఉన్నాడు. పండగ చేసుకుంటున్న పిల్లాడి తల్లి అతని సొంత మేనకోడలు. జపార్ ఎసెన్‌గుల్‌ని చూశాడు, పెట్టెను చూశాడు, బెలూన్ల మూలను చూశాడు. టీ గిన్నె ఎత్తి పలకరించి మళ్ళీ మాంసం మీద పడ్డాడు. తిట్టి ఉంటే ఎసెన్‌గుల్‌కి కాస్త తేలిగ్గా ఉండేది.

వాయించడం మొదలుపెట్టాడు. పొయ్యి పక్కన సింహంలా గర్జించిన నూట ముప్పై ఏడో నంబరు, రెండు వందల మంది మాట్లాడుకునే హాల్లో దోమలా వినిపించింది. పెట్టెలో డ్రమ్ములు మాత్రం శుభ్రంగా టపటపమంటున్నాయి. ఎసెన్‌గుల్ వంగి, కళ్ళు చికిలించి, తెర మీద జాబితాలు తిప్పడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే కొజొంకుల్ తాత లేచాడు.

తొంభై ఏళ్ళ పెద్దాయన లేచి అరచేతులు విప్పాడంటే ఆశీర్వచనం మొదలైనట్టే. హాలంతా అరచేతులు విప్పి పట్టుకోవాలి. "ఒమీన్" అంటూ, తథాస్తు అన్నట్టు, అరచేతులతో ముఖం తుడుచుకునేదాకా ఎవరూ కదలకూడదు. ముప్పై ఏళ్ళలో ఎసెన్‌గుల్ ఏ పెద్దమనిషి చేతులూ కనిపెట్టి చూడలేదు. జపార్ చూసేవాడు. డ్రమ్ములు ఆగేవి, వెంటనే ఇతని చెయ్యి ఆగేది. పెట్టెలో డ్రమ్మర్‌కి తాతలు లేరు, ఆపలేదు.

ఎసెన్‌గుల్ కంగారుగా శ్రుతి బటన్ తొక్కాడు. గిటార్ నోరు మూసుకుంది, డ్రమ్ములు మూసుకోలేదు. పక్క బటన్ తొక్కాడు. అది వేగం పెంచే బటన్. ఇంకోసారి తొక్కాడు, ఇంకా పెరిగింది. గాబరాలో మరో నాలుగుసార్లు తొక్కాడు.

తాతకు బ్రహ్మచెవుడు. తీరిగ్గా మొదలుపెట్టాడు. "ఈ బిడ్డ అడుగు నిదానంగా పడాలి," టపటపటప, "తొందరన్నది వీడి గడప తొక్కకూడదు," టపటపటపటప, "వీడు వెళ్ళిన చోటల్లా ప్రశాంతంగా ఉండాలి." రెండు వందల మంది అరచేతులు విప్పుకుని, పెదాలు కొరుక్కుంటూ కూర్చున్నారు. కాళ్ళకు నలుపు తెలుపు దారం కట్టిన పిల్లాడొక్కడే తల్లి చేతుల్లో ఆనందంగా ఎగురుతున్నాడు.

జపార్ కూడా అరచేతులు విప్పే ఉన్నాడు. అలాగే ఉండి మెల్లగా అన్నాడు. "నీ కొత్త కుర్రాడు బాగా వాయిస్తున్నాడురా. పెద్దలంటే భయమే కాస్త తక్కువ, అంతే."

ముందు వరసల్లో వాళ్ళు ఇక ఆపుకోలేకపోయారు. "ఒమీన్" పడగానే ఎసెన్‌గుల్ పెట్టె కరెంటు తీగ పట్టి పెరికేశాడు. నిశ్శబ్దం. మళ్ళీ తగిలిస్తే, కాసేపు ఆగమని తెర మీద అక్షరాలు వచ్చాయి. ఆగడమంటే ఏమిటో దానికి ఇప్పుడు తెలిసింది.

"ఏదో ఒకటి వాయించన్నా," అని సిర్గాక్ మైకు మూసి బుసకొట్టాడు. పరుగు పందేనికి పిల్లలు వరసగా నిలబడ్డారు. గెలిచినవాళ్ళే పిల్లాడి కాళ్ళ దారం తెంచాలి, అప్పుడే వాడు అడుగులెయ్యాలి. ఎసెన్‌గుల్ గిటార్ దించి ముందు బల్ల దగ్గరికి నడిచాడు. 

"పని లేదని అబద్ధం చెప్పానురా. తప్పు నాదే. సిర్గాక్ నువ్వెందుకని అడిగితే నేను నోరు విప్పలేదు."

జపార్ ఎముక పళ్ళెంలో పెట్టాడు. "నా డ్రమ్ములెక్కడ?"

"వ్యాన్‌లో."

"వ్యాన్‌లో నావి, పెట్టెలో ఇంకోడివి. ఎన్ని డ్రమ్ములు కావాలిరా నీకు?"

"వాయిస్తావా?"

జపార్ తీరిగ్గా చేతులు తుడుచుకున్నాడు. "ఇవాళ నేను అతిథిని. అతిథులు మోతలు మొయ్యరు."

కాబట్టి ఎసెన్‌గుల్ మోశాడు. బరువులెత్తడం తప్పించుకుందామని పెట్టె కొన్న మనిషి, నడుం మీద చెయ్యేసుకుని, నాలుగుసార్లు వ్యాన్‌కీ హాలుకీ మధ్య తిరిగాడు. పిల్లల పరుగు పందెం పాట లేకుండానే అయిపోయింది. పక్కింటి పిల్ల గెలిచి దారం తెంచింది, పిల్లాడు మూడడుగులు వేసి కూలబడ్డాడు. రెండో విడతకి హాలంతా సలహాలివ్వడం మొదలుపెట్టింది. మూడో విడతకి సిర్గాక్ తనే బెలూన్లు పక్కకు జరిపాడు. నాలుగో విడత అయ్యేదాకా జపార్ తింటూనే ఉన్నాడు.

తరువాత వచ్చి కూర్చున్నాడు. ఇద్దరూ వాయించారు. నూట ముప్పై ఏడో నంబరు ఇంకా దోమలాగే ఉంది గానీ, వెనక డ్రమ్ములు పడేసరికి జనం ఆటకు లేచారు.

నాలుగో పాట మధ్యలో ఎసెన్‌గుల్ కళ్ళు తీగల మీద ఉండగా వెనక డ్రమ్ములు ఆగాయి. అతని చెయ్యీ ఆగింది. అప్పుడు తలెత్తి చూశాడు. దూరంగా మూలబల్ల దగ్గర ఒక ముసలమ్మ ఇంకా లేస్తోంది, అరచేతులు సగమే విచ్చుకున్నాయి.

ముసలమ్మ చిన్నగా దీవించింది. "ఒమీన్" అన్నప్పుడు అందరూ ముఖం ఒకసారి తుడుచుకున్నారు. ఎసెన్‌గుల్ రెండుసార్లు తుడుచుకున్నాడు.

"చాల్లేరా, వాయించు," అన్నాడు వెనక నుంచి జపార్.