మా అమ్మమ్మ తవ్వని వేరు

నా చిన్నప్పుడు మా నస్పూర్ క్వార్టర్ల వరుసలో ఆడవాళ్ల నొప్పులకు పేర్లు ఉండేవి కావు. తలనొప్పికి పేరుంది, పంటినొప్పికి పేరుంది, బొగ్గుబాయిలో పనిచేసే మగవాళ్ల నడుంనొప్పికైతే వీధంతా వినేలా పేరుంది. ముట్టుకు ముందు, ముట్టులో మేము పడే యాతనకు మాత్రం "ఒంట్లో బాగాలేదు" అని ఒక్క ముక్క, అదీ గొంతు తగ్గించి. ఈ గుసగుసలంటే నాకు అప్పుడూ ఒళ్లు మంటే, డెబ్బై దాటిన ఈ వయసులోనూ మంటే.

ఆ గుసగుసలన్నీ చివరికి చేరేది మా అమ్మమ్మ దగ్గరికి. ఆమె లక్సెట్టిపేట దగ్గరి పల్లె నుంచి వచ్చి మాతోనే ఉండేది. చెట్టు మందులు ఆమెకు పుట్టింటి నుంచి వచ్చిన విద్య. నెల దగ్గర పడి రొమ్ములు బరువెక్కిన వాళ్లకు, ఊరికే ఏడుపొచ్చే వాళ్లకు, నడుం విరిగిపోయే వాళ్లకు ఏదో ఒకటి ఇచ్చేది. నువ్వులూ బెల్లమూ దంచిన ఉండలు, వాము మరిగించిన నీళ్లు, వేయించిన ఉప్పు మూటతో కాపడం. కొందరికి మాత్రం స్వయంగా వెళ్లి వేళ్లు తవ్వుకొచ్చేది. డబ్బులిస్తే తీసుకునేది కాదు, పొగడ్తలిస్తే మాత్రం చెవులు రిక్కించి వినేది.

పక్కింటి అక్క ఆమెకు ముద్దుల రోగి. అక్కకు పెళ్లీడు వచ్చింది. నాకు రోజూ జడ వేసేది, తన పూలలో సగం నాకే పెట్టేది. నెలకోసారి మాత్రం ఆ అక్క మనిషే మారిపోయేది. చెంబు విసిరేసేది, వాళ్లమ్మ మీద అరిచేది, తర్వాత మూల కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చేది. నేను పెద్దమ్మ అని పిలిచే వాళ్లమ్మ, పిల్లకు ఏదో సోకిందని దిష్టి తీయబోయేది. అమ్మమ్మ వెళ్లి ఆ దిష్టి పళ్లెం పక్కన పెట్టించేది. "గా కోపం పిల్లది గాదు బిడ్డా, నెల దగ్గర పడ్డది. జర పని చెప్పకుండ కూసోనియ్యి," అనేది. వాము నీళ్లు తాగి ఉప్పు మూట పెట్టుకుంటే అక్క రెండో పూటకు లేచి తిరిగేది.

ఆ వానాకాలం అక్కకు సంబంధం కుదిరింది. సంబంధం ఖాయం చేసే పూలుపండ్లు కూడా అయ్యాయి. పిల్లవాడిది బాయిలోనే పని, వాళ్లిల్లు మా వెనక వరుసలోనే. అప్పటి నుంచి పెద్దమ్మ అక్కను గట్టిగా తుమ్మనివ్వలేదంటే నమ్మండి.

ఒకరోజు పొద్దున మగవాళ్లంతా బాయికి వెళ్లాక పక్కింట్లోంచి అక్క కేక వినబడింది. మేము పరుగెత్తాం. అక్క నేల మీద ముడుచుకుని పడుంది. ముఖం చెమటతో తడిసిపోయింది, పెదవుల్లో రంగు లేదు. పెద్దమ్మ అప్పటికే తలుపు వేయబోతోంది, ఎవరైనా చూస్తారని. "ముట్టు నొప్పే అవ్వా, ఈసారి జర ఎక్కువొచ్చింది. నీ మందేదన్న పొయ్యి," అంది మా అమ్మమ్మతో.

అమ్మమ్మ వాము నీళ్లు పట్టింది. గుటక దిగిందో లేదో అక్క కక్కేసింది. అమ్మమ్మ ఆమె కడుపు మీద చెయ్యి వేసింది. కుడివైపు కింద తాకగానే అక్క కేక పెట్టింది. "గిది నెలనెలా వచ్చే నొప్పేనా?" అని అమ్మమ్మ అడిగింది. అక్క తల అడ్డంగా ఊపింది. "వేరే తీరుగున్నది అవ్వా... లోపలేదో మెలిపెడుతున్నది," అంది. తర్వాత కళ్లు తేలేసింది.

దవాఖానకు తీసుకుపోదామని అమ్మమ్మ అంది. పెద్దమ్మ తలుపుకు అడ్డంగా నిలబడింది. పెళ్లికాని పిల్ల, కడుపునొప్పి, కంపెనీ దవాఖాన. ఈ మూడు కలిస్తే సాయంత్రానికి వెనక వరుసలో ఏం కథ పుడుతుందో ఆమెకు తెలుసు. "సంబంధం పోతదవ్వా! దాని బతుకు ఆగమైతది! నీ వేరుతోని తగ్గనిది ఉన్నదా? నీ కాళ్లు మొక్కుత," అని ఏడ్చింది. అమ్మమ్మ బతిమాలింది, తిట్టింది, భుజం పట్టి పక్కకు లాగబోయింది. ఆమె కదల్లేదు. కింద అక్క మూలుగు సన్నబడుతోంది. ఈ అక్క చచ్చిపోతుందని నాకు ఆ క్షణంలో అనిపించింది. ఏడుపు కూడా రాలేదు.

అమ్మమ్మ ఆమె భుజం వదిలేసింది. తర్వాత మామూలు గొంతుతో, "సరే, వేరు మందే పెడుదాం. ఒకటున్నది. కానీ తెచ్చి పెడితే పనిచెయ్యది. అది మొలిచిన కాడికే పిల్లను తీస్కపోవాలె, తన చేత్తోనే ముట్టాలె," అంది. ఇంటికి పోయి చిన్న గడ్డపార తెచ్చుకుంది. వీధి చివరకు వెళ్లి, రిక్షా అతనితో ఏదో మాట్లాడి వెంటబెట్టుకొచ్చింది.

మందు వేరుకు పోయేటప్పుడు ఒక కట్టడి ఉండేది. గడప దాటినప్పటి నుంచి వేరు చేతికి వచ్చేదాకా ఎవరూ నోరు తెరవకూడదు, వెనక్కి చూడకూడదు, ఎటు పోతున్నామని అసలే అడగకూడదు. ఎవరు మాట్లాడినా ఆ వేరు ఉత్త కట్టెపుల్లే. మా వైపు ఆడవాళ్లకు ఇది దేవుడి మాటతో సమానం. గడప దగ్గర అమ్మమ్మ మా ఇద్దరినీ చూసి పెదవుల మీద వేలు పెట్టింది.

రిక్షాలో అమ్మమ్మ, పెద్దమ్మ ఇద్దరూ అక్కను ఒళ్లో పడుకోబెట్టుకున్నారు. నేను వాళ్ల కాళ్ల దగ్గర కూర్చుని అక్క చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి మంచులా ఉంది. సన్నగా వాన. నల్లా దగ్గర బిందెలు పెట్టుకున్న ఆడవాళ్లు "ఎటు పోతున్రే పొద్దుగాల?" అని అరిచారు. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాళ్లు అమ్మమ్మ చేతిలో గడ్డపార చూసి, వేరుకు పోతున్నారని వాళ్లే చెప్పుకుని ఊరుకున్నారు.

రోడ్డు రెండుగా చీలే చోట ఎడమకు పోతే గోదావరి వైపు చేలు, పొదలు. వేళ్లుంటే అక్కడే ఉండాలి. రిక్షా కుడివైపు తిరిగింది. ఆ దారిలో దవాఖాన తప్ప ఇంకేమీ లేదని నాకే తెలుసు, పెద్దమ్మకు తెలియదా! ఆమె ముఖం తెల్లబోయింది. అమ్మమ్మ ముంజేయి పట్టుకుని గోళ్లు దిగేలా నొక్కింది. నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది. మాట్లాడితే బిడ్డ మందు పాడవుతుంది, మాట్లాడకపోతే దవాఖాన వస్తుంది. ఇంతలో అక్క మూలగడం పూర్తిగా ఆపేసింది. రిక్షా గొలుసు చప్పుడు ఒక్కటే వినబడుతోంది. అమ్మమ్మ మాత్రం రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు. ముంజేతిని వదిలించుకోనూ లేదు.

దవాఖాన మెట్ల దగ్గర ఆమె గడ్డపార కింద పడేసి అంది. "వేరు లేదు ఏం లేదు బిడ్డా. నీ పిల్లకు పనికొచ్చే మందు గీడనే ఉన్నది. దించు."

పెద్దమ్మ విరుచుకుపడింది. "మోసం జేస్తివా అవ్వా! వేరు పేరు మీద అబద్ధమాడితే మందిచ్చే చేతి గుణం పోతదని నువ్వే చెప్తివి గద!"

"పోతది. నాకెర్కనే. లోపటికొచ్చి తిట్టు," అని అమ్మమ్మ అక్క చంకల కింద చేతులు వేసి లేపింది.

లోపల డాక్టరమ్మ అడిగిన దానికల్లా అమ్మమ్మ దాచకుండా చెప్పింది. ఎప్పుడు మొదలైందో, ఎక్కడ ముట్టుకుంటే అరిచిందో, తాను ఏం పట్టిందో, అది కక్కేసిందనీ. గర్భసంచి పక్కన గడ్డ పెరిగి మెలి పడిందట. వెంటనే ఆపరేషన్ చెయ్యాలన్నారు. కబురందుకుని అక్క వాళ్ల నాన్న బాయి బట్టలతోనే పరుగెత్తుకొచ్చాడు. మేము వసారాలో కూర్చున్నాం. పెద్దమ్మ అమ్మమ్మకు దూరంగా, గోడవైపు తిరిగి కూర్చుంది. తలుపు తెరిచి పిల్ల బతికిందని డాక్టరమ్మ చెప్పినప్పుడు, ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేదాన్నని కూడా అంది. పెద్దమ్మ లేచొచ్చి అమ్మమ్మ ఒళ్లో తల పెట్టి బోరుమంది. అమ్మమ్మ ఆమె వీపు నిమురుతూ కూర్చుంది.

వెనక వరుసలో గుసగుసలు రానే వచ్చాయి. పెళ్లి కొన్నాళ్లు వెనక్కి జరిగింది, జరగడం మాత్రం జరిగింది.

నేను అనుకోనిది ఇంకొకటి జరిగింది. అమ్మమ్మ మళ్లీ ఎప్పుడూ వేరు తవ్వలేదు. పెద్దమ్మతో దవాఖాన మెట్ల దగ్గర అన్న మాట కోపంలో అన్నది కాదు. తన చేతి గుణం నిజంగానే పోయిందని ఆమె నమ్మింది. ఎవరైనా వస్తే, "నా చెయ్యి అయిపోయింది, మీరే కాసుకోండ్రి," అని వాము ఎంత వెయ్యాలో, నీళ్లు ఎంత మరగాలో దగ్గర కూర్చుని నేర్పేది. వరుసలో ఆమె పేరు నెమ్మదిగా తగ్గిపోయింది. పొగడ్తలకు చెవి రిక్కించే మనిషి, వినడానికి ఏమీ లేకుండా వాకిట్లో కూర్చునేది. చూడలేక ఒకనాడు అడిగేశాను, అట్లా అవుతుందని తెలిసీ ఎందుకు చేశావని.

"పోతే పోయింది తియ్యి," అంది. "పిల్ల ఉన్నది గద."

చేతికి గుణముంటుందో లేదో నాకు తెలియదు. ఉందని నమ్మిన మనిషి దాన్ని వదులుకోవడం మాత్రం చూశాను. ఇప్పుడు మా ఇంటి చుట్టుపక్కల ఆడపిల్లలు నెలనెలా నా దగ్గరికే వస్తారు. వాము నీళ్లు కాచి ఇస్తాను, ఉప్పు మూట కడతాను, నా చేతి మందు బాగా పనిచేస్తుందంటే పొంగిపోతాను కూడా. కానీ ముందు అడుగుతాను, ఎప్పుడూ వచ్చే నొప్పేనా అని. ఏ పిల్లయినా "ఈసారి వేరేగ ఉన్నది" అందంటే, నాకు వచ్చే పేరూ వద్దు, పోయే పరువూ వద్దు. పొయ్యి ఆర్పేసి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, వీధంతా వినేలా చెబుతూ దవాఖానకు నడుస్తాను.