నీలం దూరిన ఆకుపచ్చ జోడి

మా కొత్తవాడ ఇంట్లో వైఫై మేడ మీదికి అందేది కాదు. అందుకే కింద ఉన్న రౌటర్ నుంచి పైన నా కంప్యూటర్ దాకా కేబుల్ లాగాల్సిందేనని పట్టుబట్టాను. చవక రకం వద్దని, అసలైన రాగి తీగలున్న కేబులే తెచ్చాను. పొద్దున్నుంచీ కాలు నేల మీద నిలవలేదు. గోడకు రంధ్రం కూడా నేనే వేశాను.

కేబుల్ లోపల ఎనిమిది రంగు తీగలు, నాలుగు జోడీలు. పై కొసకు ప్లగ్ బిగించేశాను. కింది కొస తీగలను అదే వరుసలో పేర్చి, సాయానికి నిలబడ్డ మా బాపు చేతికిచ్చి, ప్లగ్ బిగించే పట్టకారు కోసం పైకి పరుగెత్తాను. తిరిగొచ్చి, తొందరలో చూడకుండానే బిగించాను.

రౌటర్‌కు పెడితే లైటు వెలగలేదు.

"ఖరాబు కేబుల్ అంటగట్టిండు!" అని దుకాణదారుణ్ని తిట్టిపోశాను.

నలభై ఏళ్లుగా జంపఖానాలు నేస్తున్న బాపు మెల్లగా నోరు విప్పాడు. "ఆకుపచ్చ జోడి నడుమ నీలం జోడి సొచ్చింది బిడ్డా. నువ్వు తప్పు పెట్టినవనుకొని నేనే సరిజేసిన."

"అయ్యో బాపూ, అట్లనే ఉండాలె!"

"మరి ముందుగాల డిజైన్ జూపియ్యొద్దా?"

పై కొస చూపించాను. ఒక్కసారే చూశాడు. పాత ప్లగ్ కత్తిరించి, నేను ఫోన్ చూసుకుంటూ కుస్తీ పట్టిన వరుసను వేళ్లతో చిటికెలో పేర్చేశాడు. బిగించి పెట్టగానే రౌటర్ మీద లైటు టపటపా కొట్టుకుంది. నేను కేకేసి గంతేశాను.

బాపు ఇంకా ఆ ప్లగ్‌నే చూస్తున్నాడు.

"నడిస్తె నడిచింది గని, మా నేత లెక్కల ఈ రంగుల అంచు మాత్రం తప్పే."