ఎర్ర చుక్క

ఆకార్‌విల్ పేటలో, రైలు పట్టాల పక్కన వేపచెట్టు కింద జెజూమా సను రేకుల షెడ్డు ఉంది. దానికి బోర్డు లేదు. ఎందుకుండాలి? ముప్ఫై ఏళ్ళుగా అదే చెట్టు, అదే బల్ల, అదే మనిషి. బల్ల మీద ఒక ఎర్ర రంగు డబ్బా, అందులో కుంచెకు బదులు కోడి ఈక. ఆ ఈక సంగతి తెలియకుండా బోబో-జులాసో పట్నంలో మోటారుసైకిలు కొన్నవాణ్ణి చూసి జనం నవ్వేవారు. ఇప్పుడు నవ్వరనుకోండి, అది వేరే కథ. కాదు, ఇదే కథ.

జెజూమా మెకానిక్కు పని నేర్చుకున్న రోజుల్లో ఊళ్ళో తిరిగినవి జపాను బండ్లు. కొనాలంటే పొలం అమ్ముకోవాలి, కొన్నాక మాత్రం తండ్రి తర్వాత కొడుకు కూడా నడుపుకునేవాడు. ఆ తర్వాత లోమే రేవు నుంచి లారీల్లో అట్టపెట్టెలు దిగాయి. ఒక్కో పెట్టెలో ఒక్కో చైనా బండి, ముక్కలు ముక్కలుగా. ధర సగానికి సగం కూడా లేదు. దర్జీలు, పంతులమ్మలు, ఉల్లిపాయలమ్మేవాళ్ళు అందరూ ఎగబడ్డారు. ఎగబడరా మరి? ఎన్నాళ్ళని నడుస్తారు?

కానీ ఆ బండ్లు! అబ్బబ్బ! చట్రానికి వేసిన వెల్డింగు ఎవరో నమిలి అంటించిన చూయింగ్ గమ్‌లా ఉండేది. స్పానరు తగిలిస్తే చాలు, బోల్టు తల ఊడి చేతికొచ్చేది. చక్రాల బేరింగులు మొదటి వానకే కుయ్యోమనేవి. వైర్లకు పైన తొడుగే గాని లోపల రాగి ఉందో లేదో దేవుడికే తెలియాలి.

అమీరూ సంగారే కొన్నది అలాంటి బండే. అమీరూ ఫులానీ తెగవాడు, పాలవాడు. ఊరికి పడమట తమ మందల దగ్గర పొద్దున్నే పాలు పితికించి, క్యాన్లు బండికి కట్టుకుని, ఎండ ముదరకముందే టౌనులో పాలకేంద్రానికి చేర్చాలి. దారిలో ఏ కాస్త ఆలస్యమైనా పాలు విరుగుతాయి, ఆ రోజుకి ఇంటిల్లిపాదీ మొహాలు చూసుకోవాలి. కొత్త బండి కొన్న నెల తిరక్కుండానే, కంకర రోడ్డు మీద హ్యాండిలు విరిగి చేతిలోకొచ్చింది. పాలన్నీ నేలపాలు. భుజం ఎముక విరిగింది. ఆ చేతిని మెడకు కట్టుకుని, బండిని ఎవరిచేతో తోయించుకుంటూ జెజూమా షెడ్డుకు వచ్చాడు.

"ఒరేయ్ బోబో! మా తాత ఒక మేకపిల్లనిచ్చి కొన్న బానిసా! లే! నీ యజమాని వచ్చాడు."

"లేవను. యజమాని దగ్గర పేడ కంపు కొడుతోంది. ముందు స్నానం చేసి రమ్మను."

"డోలో కల్లు తాగి తాగి నీ ముక్కు పాడైందిరా. అది పేడ కంపు కాదు, డబ్బున్నవాడి వాసన."

అక్కడున్న వాళ్ళంతా పగలబడి నవ్వారు. ఇద్దరికీ అదే మొదటి పరిచయం. అయితేనేం? బోబో తెగవాడూ ఫులానీ తెగవాడూ ఎదురుపడితే తిట్టుకోవాల్సిందే, అది తాతల నాటి నుంచి వస్తున్న వేళాకోళపు చుట్టరికం ఇచ్చిన హక్కు. ఎంత మాటన్నా కోపం తెచ్చుకోకూడదు. తెచ్చుకున్నవాడి పరువే పోతుంది. మర్యాదలు, మన్ననలు పరాయివాళ్ళకి.

ఆ రోజు జెజూమా ఆ బండిని పూర్తిగా విప్పేశాడు, ఒక్క బోల్టు కూడా మిగల్చకుండా. మూలపడ్డ జపాను బండ్ల నుంచి ఏరి దాచుకున్న బోల్టుల డబ్బా ఒకటి అతని దగ్గర ఉండేది. చైనా బోల్టులన్నీ పారేసి వాటిని బిగించాడు. హ్యాండిలు కింద మెడ దగ్గర ఒక ఇనప పలక పెట్టి రెండో వెల్డింగు వేశాడు. బేరింగుల్లో మంచి గ్రీజు కూరాడు. వైర్లన్నీ తెంచి మళ్ళీ కలిపాడు. తన చెయ్యి పడిన ప్రతి బోల్టు మీదా కోడి ఈకతో ఒక ఎర్ర చుక్క పెట్టాడు, ఏది బిగించాడో ఏది మిగిలిందో మరిచిపోకుండా.

ఆ బండి ఎనిమిదేళ్ళు పాలు మోసింది. అమీరూ నోరు ఊరుకుంటుందా? "నా బానిస చేసిన పని చూడండి" అంటూ పాలకేంద్రం దగ్గర, పశువుల సంతలో, మసీదు బయట చూపించాడు. దాంతో ఊళ్ళో అదొక రివాజైపోయింది. పెట్టెలోంచి తీసిన బండి ముందు జెజూమా దగ్గరికి వెళ్ళాలి, ఆ తర్వాతే రోడ్డెక్కాలి. పాత బండి కొనేవాడు కూడా వంగి ఎర్ర చుక్కలున్నాయా అని చూసేవాడు. ఉంటే నాలుగు డబ్బులు ఎక్కువే ఇచ్చేవాడు.

ఇద్దరి స్నేహం కూడా ఆ బండి లాగే గట్టిపడింది. జెజూమా తల్లి పోయినప్పుడు అమీరూ వచ్చి, శవాన్ని మోస్తున్నవాళ్ళకు అడ్డంగా దారిలో పడుకున్నాడు. "ఈ ముసలమ్మ నాకు ఒక మేక బాకీ. ఇచ్చేదాకా కదలనివ్వను!" అని గోల. ఏడుస్తున్న జెజూమా నవ్వేశాడు, నవ్వుతూ మళ్ళీ ఏడ్చాడు. ఫులానీ చుట్టం అంటే అదీ. తల్లి పోయిన రోజున కూడా 'మీరు' అనని మనిషి.

ఏళ్ళు గడిచాయి. అట్టపెట్టెలు వస్తూనే ఉన్నాయి గాని, లోపలి సరుకు మారుతూ వచ్చింది. వెల్డింగు గీత గీసినట్టు సాఫీగా వచ్చింది. బేరింగులకు మట్టి దూరకుండా రెండు వైపులా రబ్బరు మూతలు వచ్చాయి. నట్లకు లోపల తెల్లటి ప్లాస్టిక్ వలయం వచ్చింది, వదులు కాకుండా పట్టి ఉంచడానికి. బండ్లమ్మే ఆవా వటారా ఒకసారి చెప్పనే చెప్పింది:

"సను గారూ, ఇవి వెనకటివి కావండీ. పెట్టెలోంచి తీసినవి తీసినట్టే నడుస్తున్నాయి. విప్పకండి."

"తమ సరుకు బాగోలేదని ఏ కొట్టువాళ్ళు చెబుతారమ్మా!" అని జెజూమా తోసిపుచ్చాడు.

ఇరవై ఏళ్ళలో తన చేతికి పనితనం వచ్చినట్టే, ఎక్కడో ఆ ఫ్యాక్టరీలో పనిచేసేవాడికీ వస్తుందని ఈ పెద్దమనిషికి తట్టలేదు. తట్టలేదో, తట్టనివ్వలేదో! ఊరంతా మెచ్చుకున్న పని తప్పయిపోయిందని ఒప్పుకోవాలంటే ఎవరికి మాత్రం మనసొప్పుతుంది?

అమీరూ మూడో బండి కొన్నాడు. ఎప్పట్లాగే నేరుగా షెడ్డుకు తెచ్చాడు. ఎప్పట్లాగే జెజూమా విప్పాడు. తెల్ల వలయం ఉన్న నట్టు తీసి అందరికీ చూపించాడు. "ఇనప నట్టులో ప్లాస్టిక్కట! రేపు సంకటితో కూడా చేస్తారు" అని నవ్వి పారేసి, డబ్బాలోంచి తన జపాను నట్టు బిగించాడు. బేరింగుల రబ్బరు మూతలను స్క్రూడ్రైవరుతో పెకలించి గ్రీజు మార్చాడు. మెడకు పలక పెట్టి ఎర్రగా కాలేదాకా వెల్డింగు వేశాడు. చుక్కలు పెట్టాడు.

మూడు వారాలకు అమీరూ వచ్చాడు.

"ఒరేయ్ బానిసా! నువ్వు ముట్టుకున్నప్పటి నుంచీ నా బండి ఏడుస్తోందిరా!"

"నీ మొహం రోజూ చూస్తుంటే ఏడవదూ?"

షెడ్డంతా నవ్వులు. ముందు చక్రం బేరింగు అరిచింది, జెజూమా మార్చాడు. నెలకు అమీరూ మళ్ళీ వచ్చాడు. "కొట్లో ఉన్నప్పుడు పెళ్ళికూతురిలా ఉండేదిరా. నువ్వు కోసి కుట్టి రోగిష్టిదాన్ని చేశావు." జెజూమా పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ మాట బాగుందని వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. అమీరూ మళ్ళీ వచ్చాడు, ఈసారి దారిలో నట్టు ఊడి పడిపోయిందట. "బానిస చేతికి స్పానరిచ్చిన మా తాతను అనాలి!" అన్నాడు. జెజూమా మళ్ళీ నవ్వాడు.

జెజూమా భార్య ఓడీల్ ఆ రోజు మధ్యాహ్నం సంకటి, బెండకాయ పులుసు తెచ్చి, ఆ వేడుక కాసేపు చూసి, అమీరూ వెళ్ళాక అంది:

"ఏమయ్యా, నీ ఫులానీకి మాటలైపోయాయా?"

"వాడికా? వాడి నోటికి అడ్డూ అదుపూ ఉందా!"

"మరి అప్పటి నుంచీ ఒక్క మాటే తిప్పి తిప్పి అంటున్నాడేం? నువ్వు చెయ్యిపెట్టాకే బండి చెడిందంటున్నాడు."

"అదీ వేళాకోళమేనే పిచ్చిదానా."

ఓడీల్ గిన్నెలు సర్దుకుని వెళ్ళిపోయింది. జెజూమా ఆ మాట చెవిన పెట్టలేదు.

వానలు వెనకబట్టాక ఒక ఉదయం అమీరూ బండిని తోసుకుంటూ వచ్చాడు. మోకాలు దోక్కుపోయి ఉంది. చొక్కా మీద పాల మరకలు. దూరం నుంచే చూసి జెజూమా గొంతు సవరించుకున్నాడు.

"ఏరా, ఆవుతోక పట్టుకుని ఈడ్పించుకుంటూ వచ్చావా?"

అమీరూ బండికి స్టాండు వేశాడు. టోపీ తీశాడు.

"నమస్కారమండీ సను గారూ. ఇంట్లో అందరూ కులాసానా? మీ ఆవిడ ఆరోగ్యం బాగుందా?"

జెజూమా స్పానరు బల్ల మీద పెట్టి లేచాడు.

"బండిని మీకు తీరిక ఉన్నప్పుడు చూడండి. తొందరేం లేదు. సైకిలు ఉంది నాకు. వస్తానండీ."

వెళ్ళిపోయాడు. షెడ్డులో ఎవరూ నవ్వలేదు. పదిమందిలో చెంప పగలగొట్టినా జెజూమాకు ఇంత బాధ ఉండేది కాదు. పరాయివాణ్ణి చేసి పోయాడు. అంత పద్ధతిగా, ఇంటిల్లిపాది క్షేమం అడిగి మరీ పరాయివాణ్ణి చేసి పోయాడు.

ఆ రోజు వేరే పని ముట్టలేదు. బండి ముందు చతికిలబడి, తన పనిని తనే, మొదటిసారి, పరాయివాడి పనిలా చూశాడు. మెడ దగ్గర చట్రం చీలింది. ఫ్యాక్టరీ అతుకు దగ్గర కాదు, అది చెక్కుచెదరలేదు. తను కాల్చిన చోటు పక్కనే ఇనుము పెళుసెక్కి చీలింది. బేరింగులో ఎర్రమట్టి నిండి ఉంది, మూత అంచు మీద తన స్క్రూడ్రైవరు గాటు. తన జపాను బోల్టు ఒకటి తీసి వెలుతురులో పెట్టాడు. దాని మర చుట్లు అరిగి మొద్దుబారిపోయాయి. ఎన్ని బండ్లు తిరిగిందో, ఎంత ముసలిదైపోయిందో! నవ్వి పారేసిన ఫ్యాక్టరీ నట్లు చెత్తబుట్ట అడుగునే ఉన్నాయి. ఒకటి వేలితో తిప్పి చూశాడు. కొత్తగా, బిగువుగా ఉంది.

"ఛీ, ఏం పని చేశాన్రా నేను!" అన్నాడు పైకే.

పాత సామాన్ల సంతలో ఇంజను పాడైన అదే రకం బండి దొరికింది. చట్రం బాగుంది. అమీరూ బండి ఇంజనును, చక్రాలను అందులోకి మార్చాడు. మూతలున్న కొత్త బేరింగులు మూత తియ్యకుండానే వేశాడు. ప్లాస్టిక్ వలయం నట్లే బిగించాడు. మెడ జోలికి పోలేదు. అన్నీ అయ్యాక అలవాటు కొద్దీ చెయ్యి ఎర్ర రంగు డబ్బా మీదికి పోయింది. కాసేపు ఈక పట్టుకుని నిలబడ్డాడు. తిరిగి డబ్బాలోనే పెట్టేశాడు.

మర్నాడు ఆ బండి తనే నడుపుకుంటూ ఫులానీల గుడిసెల దగ్గరికి వెళ్ళాడు. బండి చిన్న చప్పుడు కూడా చెయ్యలేదు. దారి పొడుగునా జెజూమాకు అదే భయం: బండి బాగయింది, మనిషి బాగవుతాడా?

"రండి సను గారూ, రండి," అన్నాడు అమీరూ. చాప పరిపించాడు. సొరకాయ బుర్రలో పాలు తెప్పించి, రెండు చేతులా అందించాడు, దూరం నుంచి వచ్చిన అతిథికి ఇచ్చినట్టు. జెజూమా ఆ పాలు తాగలేకపోయాడు.

"అమీరూ, విను. నువ్వు కొన్నప్పుడు ఆ బండి నిక్షేపంలా ఉంది. చెడగొట్టింది నేను. నువ్వు చెబుతూనే ఉన్నావు, నేను నవ్వుతూనే ఉన్నాను. నీ పాలు పారబోసింది నేనే."

అమీరూ లేచి బండి చుట్టూ తిరిగాడు. గొంతుక్కూర్చుని మెడ తడిమాడు, ఇరుసు దగ్గర చూశాడు, ప్రతి బోల్టు మీదా వేలు పెట్టి చూశాడు.

"చుక్కలు లేవేం?"

"వాటితో ఇక పని లేదు. బిగించాల్సినవి వాళ్ళే బిగించారు. నేను ఊరుకున్నాను, అంతే."

అమీరూ బండెక్కి ఆవుల మంద చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. గోతుల్లోంచి కావాలనే పోనిచ్చాడు. తిరిగొచ్చి బండి ఆపాడు. తర్వాత గుడిసె వైపు తిరిగి గట్టిగా అరిచాడు.

"ఎవరే అక్కడ! బానిసకు బుర్రలో పాలు పోసిందెవరే? కుండ కడిగిన నీళ్ళు చాలవూ వీడికి?" ఒక్క అంగలో వచ్చి జెజూమా చేతిలోని బుర్ర లాక్కున్నాడు. "ఒరేయ్ బోబో! యజమాని చాప మీద కాళ్ళు చాపుక్కూర్చున్నావా? లే!"

"లేవను," అన్నాడు జెజూమా. కాళ్ళు ఇంకా బారజాపుకున్నాడు.