తొందరపడి చెప్పిన సాక్ష్యం

మరిగే నీటి బురదలో బతికే సూక్ష్మజీవుల ఎంజైము మీద నేను బొంబాయిలో పనిచేస్తున్న రోజులవి, తొంభైల తొలి సంవత్సరాలు. కొన్ని రక్త కేన్సర్ కణాలు తమకు కావలసిన ఒక అమైనో ఆమ్లాన్ని సొంతంగా తయారు చేసుకోలేవు. దాన్ని వాటికి అందకుండా విరగ్గొట్టి ఆ కణాలను ఆకలికి మాడ్చి చంపేది మా ఎంజైము. వేడికి చెడిపోదు. కాని ఎనభై డిగ్రీల దగ్గర చురుగ్గా ఉండేది మనిషి ఒంటి వేడికి వచ్చేసరికి మొద్దుబారేది. దాని అమైనో ఆమ్లాల గొలుసులో ఒక్కొక్క చోటే మార్చి చూస్తూ మూడేళ్లు గడిపాం. చివరికి ఒక మార్పు ఫలించింది. ఒంటి వేడి దగ్గరే, గాజు పళ్లెంలో కేన్సర్ కణాలు చచ్చాయి.

సెలవు మీద మా ఊరు మెట్‌పల్లి వచ్చి, ఆదివారం మా క్రైస్తవ ప్రార్థన మందిరంలో లేచి సాక్ష్యం చెప్పాను. కేన్సర్ కణాలు చావడం కళ్లారా చూశానని, మహిమంతా దేవునిదేనని అన్నాను. చప్పట్లు మోగాయి. పళ్లెం సంగతి చెప్పానో లేదో గుర్తు లేదు.

రెండు నెలల తర్వాత మళ్లీ వస్తే అక్క నవ్వుతూ ఎదురైంది. ఆమె ఏడేళ్ల కూతురికి అదే రక్త కేన్సర్. హైదరాబాదులో వైద్యం నడుస్తోంది.

"మొన్న దవాఖానకు పోలే తమ్మీ. ఇగ పోం. గా సూదులకు పిల్ల వాంతులు చేసుకొని సగమైంది. నీ మందు వచ్చెదాక ఆగుతం."

"అది ఇంకా మందు కాలే అక్కా. ఎలుకకు సుత ఎక్కియ్యలే."

"మరి సంఘం ముంగట ఉత్తగనే చెప్పినవా? జర భయపడుతున్నవ్, గంతే. మేం ఉపవాసముంటున్నం, ఫికర్ చెయ్యకు."

ఎంత చెప్పినా వినలేదు. దేవుని పేరున చెప్పిన మాటను వెనక్కి తీసుకుంటే అపనమ్మకం. తీసుకోకపోతే పిల్ల ప్రాణం. ఆ రెంటి మధ్య ఇరుక్కుపోయాను. మందిరంలో అన్నదాన్ని ఇంట్లో కాదంటే చెల్లదని మాత్రం అర్థమైంది.

మరునాడు ఆదివారం. పాస్టరు అయ్యగారు నన్ను ముందుకు పిలిచి మోకరించమన్నారు. పెద్దలంతా నా తల మీద చేతులుంచి ఆ మందు కోసం ప్రార్థించారు. ఆమేన్ అన్నాక లేచాను.

"నేను చూసింది గాజు పళ్లెంల. మనిషిల కాదు. అది మందు కావాల్నంటే ఏండ్లు పడుతది, కాకపోవచ్చు సుత. ఇయ్యాల మనకున్న మందు దవాఖానల సూదే. అది సుత దేవుడిచ్చిందే."

ఎవరూ ఆమేన్ అనలేదు.

"విశ్వాసం సడలుతున్నదా తమ్మీ?" అన్నారు అయ్యగారు మెల్లగా.

"లేదయ్యగారూ. సాక్ష్యం సగమే చెప్పిన. ఇది తక్కింది."

ఆడవాళ్ల చాపల మధ్య నుంచి అక్క లేచింది. "బొంబై పోయి గింత సదువు సదివినవ్. గీ ముక్క గప్పుడే చెప్తే నోరు పడిపోవునా?"

ఆమె నిద్రపోతున్న పిల్లను భుజాన వేసుకుని గడప దాటింది. చెప్పులు తొడుక్కుంటూ, నన్ను కాదు, తలుపు పక్కన కూర్చున్న ముసలామెను అడిగింది.

"హైదరాబాద్ బస్సు ఇప్పుడు దొరుకుతదా?"